కొత్త రాష్ట్రమున పాత బండి

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పేరు వినగానే మనకు మొదట స్ఫురించునది పసుపు. ఆ ఊరి పసుపు నలుదిక్కులకు తెలియుటకు నేల ఎంత కారణమో, దారులును అంత కారణము. శ్రీనగరు నుండి కన్యాకుమారికి పోవు 44వ జాతీయ రహదారియు, బోధను, నిజామాబాదుల మీదుగా వచ్చి జగిత్యాల వైపునకు సాగు 63వ జాతీయ రహదారియు ఈ ఊరివద్దనే కలిసికొనుచున్నవి. ఆ కూడలిలో ఒక గడియ నిలిచి, వచ్చిపోవు బండ్ల నంబరు పలకలను చదివినవారికి ఒక చిన్న చరిత్ర పుస్తకము చదివినట్లే యుండును. ఒక కారు మీద ఏ.పి. 25 అని కనబడును. దాని వెనుక వచ్చు కారు మీద టి.ఎస్. 16 అని యుండును. ఆ వెనుకటి దాని మీద టి.జి. 16. మూడును నిజామాబాదు జిల్లా బండ్లే; ముగ్గురు యజమానులును ఒక వీధివారే కావచ్చును. వాని నడుమ నాందేడు నుండి వచ్చిన ఎం.హెచ్. 26 లారీ యొకటి, సాంగ్లీకి పసుపు తీసికొనిపోవు ఎం.హెచ్. 10 లారీ యొకటి సాగిపోవుచుండును.

ఒకే జిల్లా బండ్లకు మూడు పేర్లేల వచ్చినవి? పరరాష్ట్రపు బండి మన రాష్ట్రమున స్థిరపడినప్పుడు దాని పేరు ఎప్పుడు మారవలయును? పేరు సంగతి అటుంచి, బండియే మారిపోయినప్పుడు, అనగా ఇంజను మార్చి, ఇంధనము మార్చి, ఒడలు పెంచి నడుపునప్పుడు, ఏమి చేయవలయును? దాని పొగను ఏ కొలతతో కొలువవలయును? ఇవి కార్యాలయపు గుమాస్తాలకు చెందిన ప్రశ్నలని తోచవచ్చును. కాని పాత కారొకటి కొని ఇంటికి తెచ్చుకొన్న ప్రతి గృహస్థునకును, దారి పక్క ఇంటిలో గాలి పీల్చు ప్రతి బిడ్డకును ఇవి చెందినవే. ఈ ప్రశ్నల వెనుక నున్న చరిత్రను శ్రోతలకు కొంత విన్నవింపదలచితిమి.

ఆర్మూరుకు మోటారు రాకమునుపు ఎడ్లబండియే దిక్కు. సికిందరాబాదు నుండి మన్మాడు వరకు వేసిన రైలు మార్గము ఇరువదవ శతాబ్దారంభము నాటికే నిజామాబాదు మీదుగా పోయినది గాని, ఆర్మూరును తాకలేదు. పెద్దపల్లి - నిజామాబాదు మార్గము పూర్తియై ఈ ఊరికి రైలు వచ్చుట 2017లో గాని జరుగలేదు. కనుక ఒక శతాబ్దమునకు పైగా ఆ ఊరి సరకు నిజామాబాదు చేరవలయునన్న సుమారు 25 కిలోమీటర్ల రోడ్డు మీదనే పోవలసి యుండెను.

ఎడ్లబండికి నంబరు అక్కరలేదు. ఎద్దులను చూచి బండి ఎవరిదో చెప్పగలవారు ఊరూర నుందురు. మోటారు బండి అట్టిది కాదు. ఉదయము ఒక ఊర, మధ్యాహ్నము వేరొక జిల్లాలో, రాత్రికి పరరాష్ట్రమున ఉండగల వాహనమది. అది ఎవరిదో చెప్పగల సాక్షి దారిలో దొరకడు. ఆ సాక్షి పని చేయుటకే నంబరు పలక పుట్టినది.

హైదరాబాదు సంస్థానమున ప్రభుత్వ పక్షమున బస్సులు నడుపుట 1932 జూన్ నెలలో ఆరంభమైనది. నిజాము స్టేటు రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆ పనికి పూనుకొనెను. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి హెచ్.వై.జెడ్. 223 అను నంబరుతో నేటికిని భద్రపరుపబడి యున్నది. హెచ్.వై. అనునది హైదరాబాదునకు గుర్తు. చివరనున్న జెడ్ అను అక్షరమును ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన తల్లి జహ్రా బేగము జ్ఞాపకార్థము చేర్పించెనని చెప్పుకొందురు. ఆ కథ యెట్లున్నను అక్షరము మాత్రము నిలిచినది. సంస్థానము పోయినది, ఆంధ్రప్రదేశ్ వచ్చినది, ఆపై తెలంగాణ ఏర్పడినది; ఆర్.టి.సి. బస్సుల నంబర్లలో జెడ్ కొనసాగుచునే వచ్చినది. కోటలు కూలినను శాసనము మిగిలినట్లు, రాజ్యములు మారినను ఒక అక్షరము మిగిలినది.

బండిని మార్చి నడుపుట నేటి యువకులు కనిపెట్టిన విద్య యని కొందరనుకొందురు. అది నిజము కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున పెట్రోలు దొరకుట దుర్లభమై, రేషను పెట్టినప్పుడు, మన దేశమున అనేక బస్సులకు వెనుక భాగమున ఇనుప పీపా వంటి కొలిమి బిగించిరి. అందులో కట్టెబొగ్గు వేసి, చాలీచాలని గాలితో మండించిన, బొగ్గు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడు వాయువు వెలువడును. దానిని చల్లార్చి, వడగట్టి, ఇంజనులోనికి పంపిన బండి కదలును. పెద్దలు నేటికిని చెప్పుకొను బొగ్గు బస్సులివే. బయలుదేరుటకు ముందు కొలిమిని చాలసేపు రాజబెట్టవలయును. శక్తి తక్కువ గనుక మిట్ట వచ్చినచోట ప్రయాణికులు దిగి నడుచుటయు, త్రోయుటయు కలదు.

ఇందొక విశేషము గమనింపదగి యున్నది. నాడు బస్సును నడిపిన ఆ కార్బన్ మోనాక్సైడునే నేడు కారు పొగగొట్టమున పరికరము పెట్టి దోషముగా కొలుచుచున్నారు. నాడది ఇంధనము, నేడది విషము. వాయువు మారలేదు. అది రంగు లేనిది, వాసన లేనిది, రక్తములో ప్రాణవాయువు చోటును ఆక్రమించునది. నాడును అంతే, నేడును అంతే. మారినది మన అవసరమును, మన జ్ఞానమును. మరియొక విశేషమేమన, ఆ బొగ్గు బస్సు తాను మారినట్లు దాచలేదు. కొలిమి వెనుక వ్రేలాడుచు అందరికిని కనబడుచుండెను. నేటి మార్పులు అట్లు కనబడవు. బానెట్టు మూత క్రిందను, డిక్కీ లోపలను దాగియుండును. చిక్కంతయు అక్కడనే యున్నది.

ఇక చట్టముల సంగతి. బ్రిటిషు ఇండియాలో 1914లో ఒక మోటారు చట్టమును, 1939లో దానికంటె విపులమైన మరియొక చట్టమును వచ్చినవి. హైదరాబాదు సంస్థానము 1948 సెప్టెంబరులో భారతదేశమున చేరిన పిమ్మట, 1951లో ఆ 1939 నాటి చట్టము ఈ ప్రాంతమునకును విస్తరించెను. బండి ఒక రాష్ట్రమున నమోదై వేరొక రాష్ట్రమున 12 నెలలకు మించి ఉన్నయెడల అక్కడి నంబరు తీసికొనవలయునను నియమము నాటి నుండి వచ్చుచున్నదే.

అయిదేండ్లు గడచునంతలో ఆ నియమమునకు ఆర్మూరు వంటి సరిహద్దు ప్రాంతమున కొత్త అర్థము వచ్చినది. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలయ్యెను. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసెను. కన్నడ జిల్లాలు మైసూరులో చేరెను. నాందేడు మొదలగు మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రమునకు పోయి, 1960 మే 1 నుండి మహారాష్ట్రలో భాగమైనవి. అంతకు ముందు దినము వరకు నాందేడు బండియు నిజామాబాదు బండియు ఒక రాష్ట్రపు బిడ్డలే. తెల్లవారుసరికి ఒకటి స్వదేశి, ఒకటి విదేశి. చక్రము కదలలేదు, సరిహద్దు కదలినది. పెండ్లి సంబంధములు, పసుపు బేరములు, జాతర్లు యథాప్రకారము సాగినను, మోటారు బండి మాత్రము ఆ గీతను గుర్తుంచుకొనక తప్పలేదు.

అటుపిమ్మట ఆంధ్రప్రదేశ్ బండ్లకు ఏ అను అక్షరముతో మొదలగు మూడక్షరముల వరుసలు వచ్చినవి. 1988లో పార్లమెంటు కొత్త మోటారు వాహనముల చట్టమును చేసెను. అది 1989 జులై 1 నుండి అమలులోనికి వచ్చెను. ఆ సంవత్సరమే జూన్ 12న కేంద్ర ప్రభుత్వము ప్రతి రాష్ట్రమునకు రెండక్షరముల గుర్తు నిర్ణయించెను. మొదట రాష్ట్రపు గుర్తు, తరువాత నమోదు కార్యాలయపు అంకె, ఆపైన వరుస అక్షరములు, తుదకు బండి అంకె. ఈ పద్ధతి ప్రకారము నిజామాబాదు ఏ.పి. 25 అయినది, ఆదిలాబాదు ఏ.పి. 1 అయినది. ఆ నాటి నుండి నంబరు పలక ఒక చిరునామాగా చదువుకొనుటకు వీలైనది.

ఇరువది యైదేండ్లకు ఆ చిరునామా మరల మారెను. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము అవతరించెను. ఆ నెలలోనే కొత్త బండ్లకు టి.ఎస్. అను గుర్తు వచ్చినది, నిజామాబాదు టి.ఎస్. 16 అయినది. అప్పటికే ఏ.పి. గుర్తుతో నమోదైయున్న బండ్లనన్నిటిని మార్పింపవలయునను మాట వచ్చి, వాదోపవాదములు జరిగి, న్యాయస్థానము వరకు పోయినది. తుదకు అవి పాత నంబర్లతోనే తిరుగుచున్నవి. 2024 మార్చి 15 నుండి కొత్త బండ్లకు టి.జి. గుర్తు మొదలైనది, అప్పుడును పాత వానిని మార్చుకొననక్కరలేదనిరి. ఆర్మూరు కూడలిలో మూడు పేర్లు కనబడుటకు కారణమిది.

ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. ఏ.పి. 25 గల కారు ఆర్మూరునకు స్వంత బిడ్డ. ఏ.పి. 16 గల కారు విజయవాడ వైపుది. 2014కు ముందు అది ఆర్మూరునకు వచ్చినచో ఒకే రాష్ట్రమున జిల్లా మారినట్లు. చిరునామా మార్పించుకొన్న చాలును. 2014 తరువాత వచ్చి స్థిరపడినచో రాష్ట్రము మారినట్లే. రెండు పలకల మీదను ఏ.పి. అనియే యున్నది, ఒకటి ఇంటిది, ఒకటి పొరుగుది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి రాష్ట్రమంతటికి ఏ.పి. 39 అను ఒకే వరుస వచ్చుటచే, ఆ తరువాతి బండ్ల పలక చూచి జిల్లా చెప్పుటకును వీలులేకపోయినది. పలక మీది అక్షరము కొంతవరకే చెప్పును. మిగిలినది కాగితము చెప్పవలయును.

ఆ కాగితము కథ యిది. నాందేడులో నమోదైన ఒక కారును ఆర్మూరు గృహస్థు కొనెననుకొందము. మొదట నాందేడు కార్యాలయమున ఫారము 28 ఇచ్చి నిరభ్యంతర పత్రము తీసికొనవలయును. ఆ బండి మీద అప్పు గలదా, దొంగతనపు కేసు గలదా, పన్ను బకాయి గలదా అని అక్కడ చూతురు. చాసిస్ మీద చెక్కిన నంబరుపై కాగితము పెట్టి, పెన్సిలుతో రుద్ది ముద్ర తీసి దరఖాస్తునకు అంటింతురు. కోట్ల రూపాయల యంత్రములు వచ్చిన ఈ కాలమునను ఆ పెన్సిలు ముద్రకున్న గౌరవము తగ్గలేదు. ఏలనన అది బండి వ్రేలిముద్ర. ఆ పత్రముతో నిజామాబాదు రవాణా కార్యాలయమునకు వచ్చి, ఫారము 27 మీద కొత్త నంబరునకు దరఖాస్తు పెట్టవలయును. అమ్మకము జరిగినందున పేరు మార్పు ఫారములు వేరుగ నుండును. భీమా పత్రము, కాలుష్య పరీక్షా పత్రము జతపరుపవలయును. బండి వయస్సును బట్టి ఇక్కడి జీవితకాలపు పన్ను కట్టవలయును. అధికారి బండిని ఎదుట నిలిపి, పత్రముతో పోల్చి చూచును.

ఆ పోల్చి చూచునప్పుడే అసలు పరీక్ష. నంబరు మారుట సులువు. కాగితమున వ్రాసినదియు ఎదుట నిలిచినదియు ఒకటి కావలయును.

తెలుగు జిల్లాలలో బండ్లకు మార్పులు చేయుట కొత్త కాదు. పసుపు పండించు రైతు బుద్ధిని చూడుడు: ఉడికించు పాత్రలను చక్రముల మీద అమర్చి పొలమునకే తీసికొనిపోవును, మెరుగుపెట్టు డ్రమ్మును ట్రాక్టరు శక్తితో త్రిప్పును. ఈ బుద్ధియే కారు మీదకును పోయినది. పెట్రోలు ధరకు వెరచి అంబాసిడరు కారులలోను, జీపులలోను పెట్రోలు ఇంజను తీసి డీజెలు ఇంజను పెట్టినవారున్నారు. జీపు వెనుక భాగము పెంచి, బెంచీలు వేసి, పదిమంది కూర్చుండు చోట ఇరువది మందిని ఎక్కించినవారున్నారు. వంటగ్యాసు బండను డిక్కీలో పెట్టి కారు నడిపినవారును ఉన్నారు. కొన్నింట తెలివి యున్నది, కొన్నింట అవసరమున్నది, కొన్నింట కేవలము తెగువ యున్నది.

చట్టము ఈ మూడింటిని వేరుపరచుటకు క్రమముగ ప్రయత్నించినది. 1988 చట్టపు 52వ సెక్షను ప్రకారము, నమోదు పత్రములోని వివరములు తప్పగునట్లు బండిని మార్పదలచిన యజమాని ముందుగా తెలిపి అనుమతి పొందవలయును. 2000 సంవత్సరపు సవరణ దానిని బిగించి, తయారుచేసిన కంపెనీ నిర్ణయించిన మూల స్వరూపమునకు విరుద్ధముగ ఏ మార్పును కూడదనెను. ఆ సవరణయే గ్యాసుతో నడుపుటకు ద్వారము తెరచెను. ఆమోదింపబడిన పరికరములు బిగించుకొని, పత్రమున వ్రాయించుకొన్న తప్పులేదు. 2001లో వచ్చిన ఉత్తరువు వాహనములకు వేరు ట్యాంకు, వేరు గ్యాసు ఉండవలయునని చెప్పి, వంటింటి బండను కారులో పెట్టుటను నిషేధించెను. కేరళ నుండి వచ్చిన ఒక వివాదమున 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ 52వ సెక్షనును వివరించి, మూల స్వరూపమునకు భిన్నమైన మార్పులను నమోదు చేయరాదని తీర్పు చెప్పెను. అదే సంవత్సరపు సవరణ చట్టము అట్టి ప్రతి మార్పునకు యజమానికి 5,000 రూపాయల జుల్మానా గాని, ఆరు నెలల వరకు శిక్ష గాని, రెండును గాని విధించుటకు వీలు కల్పించెను. నేడు పాత పెట్రోలు కారునకు ఆమోదింపబడిన విద్యుత్ పరికరములు బిగించుకొనుటకును నియమములున్నవి. అనగా చట్టము మార్పునకు శత్రువు కాదు. చెప్పని మార్పునకు శత్రువు.

ఇప్పుడు పొగ పరీక్షకు వత్తము. 1989 కేంద్ర మోటారు వాహన నియమములలోని 115వ నియమము ఈ పరీక్షకు ఆధారము. బండి నమోదైన ఒక సంవత్సరము తరువాత కాలుష్య నియంత్రణ పత్రము ఉంచుకొనవలయును. అది పాత బండ్లకు ఆరు నెలలు, భారత్ స్టేజి 4, ఆ పై ప్రమాణముల బండ్లకు ఒక సంవత్సరము చెల్లును. పెట్రోలు బండి నిలిచియుండి ఇంజను మెల్లగా తిరుగుచుండగా పొగగొట్టములో గొట్టము దూర్చి కార్బన్ మోనాక్సైడు నూటికెంత, కాలని హైడ్రోకార్బనులు పదిలక్షల పాళ్లకెన్ని అని కొలుతురు. డీజెలు బండికి కొలత వేరు. ఆక్సిలేటరును ఒక్కసారిగ నొక్కి వచ్చిన పొగ ఎంత చిక్కగా నున్నదో, వెలుతురును ఎంత అడ్డగించుచున్నదో చూతురు.

అంకెలు చూడుడు. భారత్ స్టేజి 2కు ముందటి పెట్రోలు కారునకు కార్బన్ మోనాక్సైడు నూటికి 3 వరకు, హైడ్రోకార్బనులు 1,500 వరకు ఉండవచ్చును. స్టేజి 2 నుండి ఆ హద్దులు 0.5, 750 అయినవి. స్టేజి 4 కారులకు 0.3, 200 అయినవి. డీజెలు పొగ హార్ట్రిడ్జి కొలతలో పాత వానికి 65, స్టేజి 4 వానికి 50. ఈ ప్రమాణములును దేశమంతట ఒకసారి రాలేదు. స్టేజి 3 హైదరాబాదునకు 2005లోనే వచ్చినది. ఆర్మూరు వంటి ఊళ్లకు 2010లో గాని రాలేదు. ఆ అయిదేండ్లు రాజధానిలో కొన్న కారును ఆర్మూరులో కొన్న కారును ఒకే సంవత్సరమున పుట్టినను వేరు ప్రమాణముల బిడ్డలు. స్టేజి 4 దేశమంతట 2017 ఏప్రిల్‌లోను, స్టేజి 6 2020 ఏప్రిల్‌లోను వచ్చిన పిమ్మటనే పట్టణమునకు పల్లెకు ఈ భేదము తొలగినది.

ఇందుండి మేము చెప్పదలచిన ముఖ్య విషయము తేలుచున్నది. పొగగొట్టములోని పరికరము నూటికి 2 అని చూపినదనుకొందము. అది మంచియా, చెడ్డయా? పరికరమునకు తెలియదు. 1998 నాటి కారైనచో ఉత్తీర్ణము. 2012 నాటి కారైనచో నాలుగింతల దోషము. ఆ కారు వయస్సేమి, ఇంధనమేమి, ప్రమాణమేమి అని పరీక్షకుడు తెలిసికొనునది నమోదు పత్రము చూచియే. కాగితమున పెట్రోలని యుండి లోపల డీజెలు ఇంజను ఉన్నచో ఏ కొలత వాడవలయును? వాయువు కొలిచిన, డీజెలు సహజముగ ఆ వాయువును తక్కువగ విడుచును గనుక బండి నిర్దోషి యనిపించుకొనును. ఊపిరితిత్తులలో చేరు మసి మాత్రము లెక్కకు రాకుండ పోవును. కాగితము అబద్ధమాడినచో పరీక్షయు అబద్ధమాడును. నమోదు, పొగ పరీక్ష అనునవి రెండు కార్యాలయముల రెండు తంతులని మనము భావించుచున్నాము. కాని రెండవదానికి మొదటిది పునాది. పునాది తప్పినచో పై గోడను ఎంత సున్నము వేసిన నేమి?

ఆర్మూరు రైతుకు ఈ మాట వేరుగ వివరింపనక్కరలేదు. పసుపు బజారులో కొమ్ము ధర వేరు, మండ ధర వేరు. బస్తా పైన కొమ్మని చెప్పి లోపల మండ పోసిన, ఒకసారి చెల్లవచ్చును. కొనువాడు పై రంగు చూచి నమ్మడు. కొమ్మును విరిచి లోపలి రంగు చూచును. చెప్పినదియు ఉన్నదియు ఒకటైనప్పుడే ఆ బజారు నిలుచును. కారు బేరము మాత్రము మనలో పెక్కురు పై రంగు చూచియే చేయుచున్నారు.

అందువలన నష్టపడునది ఎవరు? మార్పు చేయించిన మొదటి యజమాని తరచుగా తప్పించుకొనును. అతడు లాభము పొంది, బండి నమ్మి వేసి పోవును. నాలుగవ చేతిలోనికి వచ్చిన తరువాత, ఏ చిన్న ఉద్యోగియో, పసుపు అమ్మిన సొమ్ముతో మొదటిసారి కారు కొన్న రైతో, కొత్త రాష్ట్రమున నమోదుకు పోయినప్పుడు చిక్కు బయటపడును. నిరభ్యంతర పత్రములో ఒక ఇంజను నంబరు, బండిలో వేరొక నంబరు. అక్కడ నమోదు కాదు, ఇక్కడ నమోదు కాదు. ఆ బండి ఏ రాష్ట్రమునకును చెందని అనాథ యగును. అంతకంటె ఘోరమైనది, దారిలో ప్రమాదము జరిగిన దినమున భీమా కంపెనీ పత్రమునకు బండికి పొంతన లేదని వాదమునకు దిగుట. గాయపడినవానికి రావలసిన సొమ్ము ఏండ్ల తరబడి న్యాయస్థానమున చిక్కుకొనవచ్చును. ఎవరో ఎన్నడో మిగుల్చుకొన్న పెట్రోలు ఖర్చునకు, ఎన్నడును ఆ కారెక్కనివాడు మూల్యము చెల్లించును.

కనుక పరరాష్ట్రపు పాత కారు కొనువారు బేరమునకు ముందే నాలుగు సంగతులు పోల్చి చూచుకొనుట మేలు. ఇంజను మీది నంబరు, చాసిస్ మీది నంబరు పత్రముతో సరిపోవుచున్నవా? పత్రమున వ్రాసిన ఇంధనమే ట్యాంకులో పోయుచున్నారా? కూర్చుండు చోట్ల సంఖ్యయు, ఒడలి రూపమును పత్రమున ఉన్నట్లే యున్నవా? పొగ పరీక్షా పత్రము ఆ ఇంధనమునకు, ఆ సంవత్సరమునకు తగిన హద్దులతో ఇచ్చినదేనా? వీనిలో ఏ ఒక్కటి తప్పినను, నంబరు మార్చు కార్యాలయమునకు పోవుటకు ముందు అమ్మువాని వద్దనే తేల్చుకొనవలయును. మార్పు న్యాయమైనదైనచో దానిని పత్రమున వ్రాయించి ఇమ్మని అడుగుట కొనువాని హక్కు. మార్పు వ్రాయుటకు వీలులేనిదైనచో ఆ కారు ఎంత చౌకయైనను ప్రియమే.

హైదరాబాదు హెచ్.వై. నుండి నేటి టి.జి. వరకు ఆర్మూరు దారిలో అక్షరములు ఎన్నియో మారినవి. ఆ మార్పుల కొరకు రైతు గాని, లారీ యజమాని గాని చేయవలసినది అంతగా లేకపోయినది. రాష్ట్రములే వచ్చినవి, రాష్ట్రములే పోయినవి, పాత పలకలను ప్రభుత్వములు ఓర్పుతో సహించినవి. రాష్ట్రము మారిన సంగతి ప్రభుత్వమునకు తెలియును. బండి మారిన సంగతి యజమానికి మాత్రమే తెలియును. ఆ ఒక్క సంగతి చెప్పవలసిన భారము అతని మీదనే యున్నది.